ఇచ్చే చేయి బలంగా ఉండాలంటే

ఉద్యోగం చేసుకునే మనలాంటి వారందరికీ రెండు వాయిదాలు అలవాటైపోయాయి. ఒకటి, "ఈ నెల గడవనీ, వచ్చే నెల నుంచి కొంత వెనకేద్దాం" అనేది. రెండోది, "ఈ పని ఒత్తిడి కాస్త తగ్గనీ, పొద్దున్నే లేచి నడవడం మొదలుపెడదాం" అనేది. నెలలు గడుస్తూనే ఉంటాయి, ఒత్తిడి మాత్రం తగ్గదు. ముప్పయ్యో ఏట మొదలైన వాయిదా నలభై ఐదో ఏట కూడా అలాగే ఉంటుంది. ఈలోగా నడుము చుట్టుకొలత పెరుగుతుంది, క్రెడిట్ కార్డు బాకీ పెరుగుతుంది, పిల్లల ఫీజులు పెరుగుతాయి. తగ్గేది మన ఓపిక ఒక్కటే.

ఈ సంచిక చదివే వారిలో ఎక్కువమంది ఏటా ఎంతో కొంత ఇచ్చేవారు. ఎవరి ఫీజో కట్టారు, ఎవరి ఇంటికో రేషన్ పంపారు, ఎవరి ఆపరేషన్‌కో సాయపడ్డారు. అందుకే ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. నిన్నటిదాకా ఇచ్చిన ఇల్లు ఇవాళ అడగాల్సిన పరిస్థితిలో పడటం మనం చూస్తూనే ఉన్నాం. సంపాదించే మనిషికి పక్షవాతం వచ్చిందనో, కిడ్నీలు పాడయ్యాయనో వింటాం. ఆరు నెలలు తిరగకముందే ఇంట్లో బంగారం కుదువకు వెళ్తుంది. మరో ఆరు నెలలకు పిల్లవాడి కాలేజీ ఆగిపోతుంది. అలాంటి ఇల్లు మీ మొహల్లాలోనూ ఒకటి ఉండే ఉంటుంది. ఆ ఇంటివారు సోమరులూ కారు, దుబారా చేసినవారూ కారు. వాళ్లకు ఒంటి గురించి ఆలోచించే తీరిక లేకపోయింది, డబ్బు గురించి ఆలోచించే పద్ధతి లేకపోయింది. అంతే తేడా.

ఒంటి లెక్క, జేబు లెక్క వేర్వేరు కావని, ఒకే ఖాతాకు రెండు పేజీలని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. తీరిక లేని ఉద్యోగి ఆ రెండింటినీ ఏ పద్ధతిలో నిలబెట్టుకోవచ్చో కూడా ఇందులో చూద్దాం.

జబ్బు జేబును ఎలా తింటుంది

భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన పెద్ద సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దాని ప్రకారం దేశంలో దాదాపు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని గడప దగ్గర నిలబడి ఉన్నారు. అంటే షుగర్ ఇంకా రాలేదు గానీ రక్తంలో చక్కెర ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఉంది. వీరిలో చాలామందికి ఆ సంగతి తెలియదు. షుగర్‌గానీ బీపీగానీ మొదట్లో నొప్పి పెట్టవు. నొప్పి లేని జబ్బుకు మనం డాక్టరు దగ్గరకు వెళ్లం. వచ్చిన చిక్కంతా అక్కడే.

ఒక చిన్న లెక్క వేద్దాం. షుగర్, బీపీ మాత్రలు, అప్పుడప్పుడూ పరీక్షలు, డాక్టరు ఫీజు అన్నీ కలిపి నెలకు 1,500 రూపాయలు అనుకుందాం. ఏడాదికి 18,000. ఇరవై ఏళ్లకు, ధరలు ఒక్క రూపాయి కూడా పెరగవనుకున్నా, 3,60,000. జబ్బు అదుపులో ఉన్నప్పటి లెక్క ఇది. అదుపు తప్పితే పరిస్థితి వేరు. కిడ్నీలు దెబ్బతినడానికి ప్రధాన కారణాల్లో మధుమేహం, రక్తపోటు ముందు వరుసలో ఉంటాయి. డయాలసిస్ దాకా వెళ్లిన మనిషి సాధారణంగా వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి సుమారు నాలుగు గంటలు మంచం మీద ఉండాలి. ప్రభుత్వ పథకం కింద వైద్యం ఉచితంగా దొరికినా, ఆ గంటలకు జీతం ఎవరూ ఇవ్వరు. వెంట వచ్చే భార్య పనో, కొడుకు చదువో కూడా దెబ్బతింటుంది. ఆసుపత్రి బిల్లు కంటే ఆగిపోయిన సంపాదనే ఇంటిని ఎక్కువగా కుంగదీస్తుంది.

ఈ దారి మధ్యలో ఆగవచ్చు, వెనక్కి తిరగవచ్చు కూడా. గడప దగ్గర ఉన్నవారి మీద మన దేశంలోనే జరిగిన ఒక పరిశోధన ఫలితాలు 2006లో వచ్చాయి. చురుకుగా నడవడం, తిండిలో మార్పులు చేసుకోవడం అనే రెండు పనుల వల్ల మూడేళ్లలో మధుమేహం వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గిందని అందులో తేలింది. అదే పరిశోధనలో మాత్ర వాడిన వారికి దొరికిన ఫలితం కూడా దాదాపు అంతే. మాత్రకు డబ్బు కావాలి, నడకకు అక్కర్లేదు.

ఇది ఎదురు దిశలోనూ పనిచేస్తుంది. అప్పుల్లో ఉన్న మనిషికి నిద్ర పట్టదు. నిద్ర లేనివాడికి మర్నాడు ఆకలి ఎక్కువ, నడిచే ఓపిక తక్కువ. పరీక్ష చేయించుకుంటే ఏం బయటపడుతుందో, దానికి డబ్బు ఎక్కడి నుంచి తేవాలో అన్న భయంతో పరీక్షే మానేస్తాడు. జేబు గట్టిగా లేకపోతే ఒంటిని చూసుకునే ధైర్యం కూడా ఉండదు.

మిగిలితే కాదు, ముందే

వెనకేయడంలోనూ వ్యాయామంలోనూ మనం చేసే తప్పు ఒక్కటే. మిగిలినది వాడదామనుకుంటాం. ఖర్చులు పోగా మిగిలిన డబ్బు, పనులు పోగా మిగిలిన సమయం. రెండూ మిగలవు. జీతం చేతికి రాగానే ముందు తీసిపెట్టి, మిగిలిన దానితో నెల గడపడమే దీనికి మందు.

ఉదాహరణకు నెలకు 60,000 రూపాయలు చేతికొచ్చే ఉద్యోగిని ఊహించుకుందాం. అద్దె 15,000. సరుకులు, పాలు, కూరగాయలు, మాంసం 12,000. పిల్లల చదువు 8,000. అమ్మానాన్నలకు 5,000. కరెంటు, ఫోను, పెట్రోలు 5,000. బండి వాయిదా 4,000. మొత్తం 49,000. చేతిలో 11,000 మిగలాలి. కానీ నెలాఖరుకు ఏమీ ఉండదు. రెండు సార్లు ఆన్‌లైన్లో తెప్పించిన బిర్యానీ, ఎవరి పెళ్లికో ఇచ్చిన కానుక, సేల్‌లో కొన్న చెప్పులు, ఇలా ఎటుపోయిందో తెలియకుండా పోతుంది.

అదే 11,000ను ఒకటో తేదీనే నాలుగు భాగాలు చేసి చూడండి. అత్యవసర నిధికి 3,000. ఆరోగ్య రక్షణకు 1,500. దానధర్మాలకు 1,500. దూరపు అవసరాలకు, అంటే పిల్లల పైచదువు, హజ్, సొంతిల్లు వంటివాటికి 3,000. మిగిలిన 2,000 చేతి ఖర్చు, అది లెక్క లేకుండా వాడుకోవచ్చు. ఈ మళ్లింపులు బ్యాంకులోనే తేదీ పెట్టి, తమంతట తాము జరిగేలా చూసుకోవాలి. మన మనోబలం మీద ఆధారపడే పద్ధతి మూడు నెలలకు మించి నిలవదు.

అత్యవసర నిధి అంటే, జీతం ఆగినా కనీసం మూడు నెలలు ఇల్లు నడిచే డబ్బు. పై ఉదాహరణలో నెలకు 3,000 చొప్పున ఏడాదికి 36,000 అవుతుంది. ఏడాది తర్వాత బండి వాయిదా తీరిపోయిందనుకోండి. ఆ 4,000 కొత్త ఫోను వాయిదాగా మారకుండా ఈ నిధిలోకే మళ్లాలి. అప్పుడు ఇంటి ఖర్చు 45,000. మూడు నెలలకు కావలసింది 1,35,000. ఇక నెలకు 7,000 చొప్పున మిగతా 99,000 పదిహేను నెలల్లో పూర్తవుతుంది. మొత్తం రెండేళ్ల మూడు నెలలు. బోనస్ గానీ, సెలవుల డబ్బు గానీ వస్తే ఇంకా ముందే అవుతుంది. ఈ డబ్బును షేర్లలోనో ప్లాటు మీదో పెట్టకూడదు. అడిగిన రోజు చేతికి రావాలి. బ్యాంకు ఖాతాలో పడే వడ్డీని సొంతానికి వాడని వారు ఆ మొత్తాన్ని విడిగా లెక్కగట్టి తీసేయడం మనలో ఉన్న అలవాటే.

దీనికంటే ముందు తీర్చాల్సింది క్రెడిట్ కార్డు బాకీ. వడ్డీ అన్న మాటే గిట్టని ఇళ్లలో కూడా ఈ కార్డు చప్పుడు లేకుండా దూరింది. చాలా కార్డుల మీద నెలకు సుమారు మూడున్నర శాతం పడుతుంది. 50,000 బాకీ ఉంటే ఒక్క నెలకే 1,750. కనీస మొత్తం కట్టి ఊరుకుంటే అసలు దాదాపు కదలదు. కార్డు వాడితే నెల తిరిగేసరికి పూర్తిగా కట్టాలి. అలా కట్టలేమనుకుంటే ఇంట్లో పెట్టి రావడం మేలు.

ఏటా వస్తాయని తెలిసీ మనం ప్రతిసారీ ఆశ్చర్యపోయే ఖర్చులు కూడా కొన్ని ఉన్నాయి. రంజాన్, ఈద్ బట్టలు, ఖుర్బానీ, జూన్‌లో స్కూలు ఫీజు, బండి ఇన్సూరెన్సు, బంధువుల ఇళ్లలో పెళ్లిళ్లు. వీటన్నింటినీ ఒక కాగితం మీద రాసి, మొత్తాన్ని పన్నెండుతో భాగించి, నెలనెలా వేరే ఖాతాలో వేస్తే పండగ నెల అప్పుల నెల కాకుండా పోతుంది.

ఆసుపత్రి బిల్లుకు ముందే ఏర్పాటు

బీమా విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయ భేదాలున్నాయి. మీరు నమ్మే ఆలిమ్‌ను అడిగి నిర్ణయించుకోండి. బీమా వద్దనుకునేవారు ఆ ప్రీమియం మొత్తాన్ని నెలనెలా ఆరోగ్య నిధిగా విడిగా పెట్టుకోవాలి. వద్దనుకోవడం వేరు, ఏ ఏర్పాటూ లేకుండా ఉండటం వేరు. తీసుకునేవారు కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

కంపెనీ ఇచ్చే బీమా ఉద్యోగంతోనే వచ్చి ఉద్యోగంతోనే పోతుంది. యాభై ఏళ్లకు ఉద్యోగం మారినప్పుడో, మానేసినప్పుడో కొత్తగా తీసుకోవాలంటే అప్పటికే ఉన్న షుగర్, బీపీలకు నిరీక్షణ కాలం ఉంటుంది. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం ఆ గడువు గరిష్ఠంగా మూడేళ్లు. అందుకే ఒళ్లు బాగున్నప్పుడే, వయసులో ఉన్నప్పుడే చిన్నదైనా సొంత పాలసీ ఒకటి ఉండాలి. దరఖాస్తులో ఉన్న జబ్బును దాచకూడదు. దాచితే అవసరమైన రోజునే క్లెయిము తిరస్కరిస్తారు.

గది అద్దె పరిమితి ఉందేమో చూసుకోవాలి. చాలామంది మోసపోయేది ఇక్కడే. పాలసీ రోజుకు 3,000 రూపాయల గదికే ఒప్పుకుని, మనం 6,000 గదిలో చేరితే, గది తేడా ఒక్కటే మన మీద పడదు. డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటరు వంటి ఖర్చుల్లో కూడా సగం కోత పడవచ్చు. మందుల బిల్లు ఈ కోతలోకి రాకపోయినా మిగతా భారం చిన్నది కాదు.

గల్ఫ్‌లో పనిచేసే సోదరులకు ఇంకో మాట. అక్కడి యజమాని ఇచ్చే ఆరోగ్య కార్డు కడపలోనో నిజామాబాద్‌లోనో ఉన్న తల్లిదండ్రులకు పనికిరాదు. మీరు తిరిగి వచ్చేసిన రోజున మీకూ పనికిరాదు. పంపే డబ్బులో ఇక్కడి కుటుంబ వైద్యానికి ఒక వాటా మొదటి నుంచే వేరుగా ఉండాలి.

ప్రభుత్వం వైపు నుంచి ఉన్నవీ వదులుకోకూడదు. అర్హత ఉన్న కుటుంబాలకు 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ రెండు రాష్ట్రాల్లోనూ ఏదో ఒక పేరుతో కొనసాగుతోంది. డెబ్భై ఏళ్లు దాటిన పెద్దలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ కార్డు 2024 నుంచి ఇస్తున్నారు. జనౌషధి కేంద్రాల్లో అదే మందు బ్రాండు ధరలో చిన్న భాగానికే దొరుకుతుంది. డాక్టరును మందు అసలు పేరు రాసిమ్మని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

రెండున్నర శాతం సమయం

ఇక ఒంటి సంగతి. ఫిట్‌నెస్ అనగానే మనకు జిమ్ గుర్తొస్తుంది. జనవరిలో ఏడాది ఫీజు ఒక్కసారే కట్టి, మార్చి నుంచి వెళ్లడం మానేసినవారు మనలో ఎంతమందో. ఆపైన ఖరీదైన బూట్లు, చేతి గడియారం, డబ్బాల్లో వచ్చే ప్రొటీన్ పొడి, ఒక్కోసారి అవి కూడా వాయిదాల మీదే. ఒంటి కోసమని జేబుకు చిల్లు పెట్టుకుంటే అది సమతూకం కాదు. హైదరాబాద్ పాతబస్తీ తాలీంలలో, బార్కస్‌లో దేహదారుఢ్యం సంపాదించిన పెద్దలకు మట్టి, దండీలు, బైఠకులు చాలాయి. జిమ్‌కు వెళ్లి నిలకడగా చేసేవారిని వద్దనడం లేదు. ముందు మూడు నెలలు నడిచి చూపించి, ఆ తర్వాత ఫీజు కట్టండి, అదీ నెలనెలా.

ఎంత నడవాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహా ప్రకారం పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు వేగంతో శ్రమ చేయాలి. దాంతోపాటు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే పని ఉండాలి. ఒక మోస్తరు వేగమంటే నడుస్తూ మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంతగా ఊపిరి ఆడాలి.

వారంలో ఉన్నవి 10,080 నిమిషాలు. సంపదలో నూటికి రెండున్నర జకాత్‌గా లెక్కగట్టడం మనకు తెలిసిన సంగతే. సమయంలో కూడా నూటికి రెండున్నర తీస్తే 252 నిమిషాలు వస్తాయి. సరిగ్గా ఆ 150కీ 300కీ మధ్య. రోజుకు ముప్పై ఆరు నిమిషాలు. అంతకూడా కుదరని వారంలో ఒకటిన్నర శాతం ఇచ్చినా 150 నిమిషాలు నిండుతాయి. తీరిక లేదన్న మాట ఈ లెక్క ముందు నిలవదు.

ఆ నిమిషాలు ఒకేసారి ఇవ్వక్కర్లేదు కూడా. ఫజ్ర్‌కు లేచేవారికి పొద్దున్న సమయం ఇప్పటికే చేతిలో ఉంది. నమాజ్ అయ్యాక మళ్లీ దుప్పటి కప్పుకోకుండా ఇరవై నిమిషాలు వీధుల్లో తిరిగి ఇంటికి రావచ్చు. మధ్యాహ్నం అన్నం తిన్నాక పది నిమిషాలు, రాత్రి భోజనమయ్యాక పది నిమిషాలు నడిస్తే చాలు. తిన్న వెంటనే నడిస్తే రక్తంలో చక్కెర అంత ఎత్తుకు పెరగదు, కాబట్టి షుగర్ గడప దగ్గర ఉన్నవారికి ఈ పది నిమిషాలు మరీ విలువైనవి. ఆఫీసులో గంటకోసారి లేచి నిలబడండి. ఫోను మాట్లాడేటప్పుడు కూర్చోవద్దు. బస్సు ఒక స్టాపు ముందు దిగండి.

బలం కోసం ఇంట్లోనే మూడు పనులు చేయవచ్చు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి పదిసార్లు వంగి లేవడం, రెండు చేతుల్లో బరువున్న సంచులు పట్టుకుని ఇల్లంతా రెండు మూడు చుట్లు తిరగడం. ఇవి మూడు విడతలు చేస్తే పావుగంట. నలభై దాటాక ఏటా కొంత కండ తగ్గుతుంది. తిన్న చక్కెరను ఎక్కువగా వాడుకునేది కండరాలే కాబట్టి ఆ కండను నిలుపుకోవడం అవసరం.

రాత్రి షిఫ్టుల్లో పనిచేసేవారికి పొద్దున్న నడక కుదరదు. వారు లేచిన గంటలోపు సమయాన్ని తమ పొద్దుగా లెక్కవేసుకోవాలి. గుండె జబ్బు ఉన్నవారు, నడిస్తే ఛాతీలో బిగువు అనిపించేవారు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు రంజాన్ మొదలవకముందే డాక్టరును కలిసి మోతాదు, వేళలు మార్పించుకోవాలి.

చాయ్, దావత్, రాత్రి భోజనం

తిండిలో పొదుపు చేస్తే ఒళ్లూ జేబూ ఒకేసారి బాగుపడతాయి. రోజుకు నాలుగు చాయ్‌లు, ఒక్కోదానిలో రెండు చెంచాల పంచదార అనుకుంటే 32 గ్రాములు దాటుతుంది. విడిగా కలుపుకునే చక్కెరను రోజుకు సుమారు 25 గ్రాములకు తగ్గించుకుంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మనం చాయ్‌తోనే అది దాటేశాం. ఇరానీ హోటల్లో ఉస్మానియా బిస్కెట్లు దీనికి అదనం. చాయ్ మానక్కర్లేదు. నాలుగును రెండు చేసి, చెంచాను సగం చేస్తే నాలుక రెండు వారాల్లో అలవాటు పడుతుంది.

దావత్‌లు మానలేం. బిర్యానీ వడ్డించినప్పుడు ముందు ముక్కలు, పెరుగు చట్నీ, ఉల్లి, దోస తిని, అన్నం ఆఖర్న తక్కువగా తీసుకోవచ్చు. మీఠా రెండు చెంచాలతో ఆపవచ్చు. ఇంట్లో మాత్రం పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు ఉండాలి. పప్పు, గుడ్డు, చేప, మాంసం వంటివి ఒక వంతు, అన్నమో రొట్టో ఒక వంతు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటవద్దంటుంది. పచ్చళ్లు, అప్పడాలు, బజారు చిప్స్ ఉన్న ఇంట్లో ఆ గీత ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

రాత్రి పదకొండింటికి తిని పన్నెండింటికి పడుకునే అలవాటు మన ఇళ్లలో పాతుకుపోయింది. ఇషాకు ముందే భోజనం ముగిస్తే మసీదుకు నడిచి వెళ్లి రావడమే రాత్రి నడక అవుతుంది. వారానికి ఆన్‌లైన్లో తెప్పించే భోజనాల్లో రెండు తగ్గించి, ఒక్కోటి 400 రూపాయలు అనుకుంటే నెలకు 3,000కు పైనే మిగులుతుంది. పైన చెప్పిన అత్యవసర నిధి వాయిదా అక్కడే దొరికింది.

ఇంటి ఇల్లాలిని లెక్కలో చేర్చాలి

ఇప్పటిదాకా చెప్పినదంతా మగవారికే అనుకోకండి. టీచరుగానో, నర్సుగానో, బ్యాంకులోనో పనిచేసి వచ్చే ఆడపడుచుకు ఇంట్లో రెండో డ్యూటీ ఎదురుచూస్తుంటుంది. ఆమెకు ముప్పై నిమిషాలు దొరకాలంటే ఇంట్లో ఇంకెవరో ఆ ముప్పై నిమిషాలు పిల్లలను చూసుకోవాలి, అంట్లు తోమాలి. భర్త ఇచ్చే ఆ అరగంటకు ఏ కానుకా సాటిరాదు. చీకట్లో ఒంటరిగా నడవడం ఇబ్బంది అనుకుంటే నలుగురు ఇరుగుపొరుగు ఆడవారు కలిసి వెళ్లవచ్చు, డాబా మీద నడవవచ్చు.

డబ్బు విషయం కూడా ఆమెకు తెలిసి ఉండాలి. ఏ బ్యాంకులో ఖాతా ఉంది, పాలసీ కాగితాలు ఎక్కడున్నాయి, ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరి నుంచి ఎంత రావాలి, నామినీగా ఎవరి పేరుంది? పెళ్లికి ముందు రాసిన నామినీ పేరు ఇరవై ఏళ్లయినా అలాగే ఉండిపోయిన ఖాతాలు ఎన్నో. ఇవన్నీ ఒక నోటుబుక్కులో రాసి, ఆ పుస్తకం ఎక్కడుందో ఇద్దరికీ తెలిసేలా పెట్టండి.

ఏడాదికి ఒక రోజు

మన సమాజానికి ఒక మంచి అలవాటు ఇప్పటికే ఉంది. ఏడాదికి ఒక రోజు కూర్చుని ఉన్న బంగారం, వెండి, నగదు, సరుకు, రావలసిన బాకీలు అన్నీ లెక్కగట్టి, అప్పులు తీసేసి, నిసాబ్‌కు సరిపోల్చి జకాత్ తేల్చుకుంటాం. 87.48 గ్రాముల బంగారమా, 612.36 గ్రాముల వెండా అని గ్రాములతో సహా చూస్తాం. సొంత సంపదను అంత నిక్కచ్చిగా తూచే అలవాటు చాలామందికి లేదు. ఆ రోజునే, ఆ కాగితం పక్కనే ఒంటి లెక్క కూడా రాసుకోవాలన్నది నా మనవి.

ఒంటి లెక్కకు ఆరు అంకెలు చాలు. నడుము చుట్టుకొలత, మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటకూడదు. రక్తపోటు 140/90 చేరితే వెంటనే డాక్టరును కలవాలి, 120/80 లోపు ఉంటే మేలు. మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష 5.7 లోపు ఉంటే క్షేమం, 5.7 నుంచి 6.4 వరకు గడప, 6.5 నుంచి మధుమేహం. ఇక కొలెస్ట్రాల్, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, శరీర బరువు. ముప్పై దాటినవారికి బీపీ, షుగర్ పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా చేస్తారు. హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలు ఉన్నాయి. డబ్బు లేదన్న సాకు ఇక్కడ కుదరదు.

జేబు లెక్కకూ ఆరు అంకెలే. అత్యవసర నిధిలో ఎన్ని నెలల ఖర్చు ఉంది? మొత్తం అప్పు ఎంత, అది నిరుటికంటే తగ్గిందా? వైద్యానికి ఎంత రక్షణ ఉంది? దూరపు అవసరాలకు ఎంత పోగైంది? ఈ ఏడాది ఎంత ఇచ్చాం? మనం లేకపోతే ఇల్లు ఎన్నాళ్లు నడుస్తుంది?

ఈ పన్నెండు అంకెలు ఒకే కాగితం మీద రాసి, తేదీ వేసి దాచండి. వచ్చే ఏడాది అదే తేదీన పక్కన రెండో వరుస రాయండి. నిరుటికీ ఈ ఏటికీ తేడా కళ్లముందు కనిపిస్తే ఎవరూ బోధించనక్కర్లేదు. ఏ అంకె చెడిందో దానికే ఆ ఏడాది శ్రద్ధ పెడితే చాలు. అన్నీ ఒకేసారి బాగుచేయాలని పూనుకున్నవారు రెండు నెలల్లో అన్నీ వదిలేస్తారు.

సాయం కోరి వచ్చిన వారికి లేదనకుండా ఇవ్వాలన్న కోరిక మనలో చాలామందికి ఉంది. అది ఒక్క ఏడాది కోరిక కాదు, అరవై, డెబ్భై ఏళ్ల వరకు ఇస్తూనే ఉండాలని ఉంటుంది. అంతకాలం ఇవ్వాలంటే ఆ చేతికి బలం ఉండాలి, ఆ చేతిలో కొంత ఉండాలి. ఈ వ్యాసం చదవడం ముగిశాక రెండు చిన్న పనులు చేయండి. బ్యాంకు యాప్ తెరిచి వచ్చే ఒకటో తేదీకి ఎంతో కొంత, వెయ్యి రూపాయలైనా సరే, అత్యవసర నిధికి మళ్లేలా పెట్టండి. ఆ తర్వాత చెప్పులు వేసుకుని పది నిమిషాలు నడిచి రండి.